ఇరవయ్యేళ్లు దాటినా కట్టని జైలు

డబ్లిన్ విమానాశ్రయం దాటి కాస్త వాయవ్యంగా వెళితే కిల్‌సాలహన్ అనే ఊరు వస్తుంది. మన లెక్కలో అది ఊరు కూడా కాదు. అక్కడక్కడా విసిరేసినట్టు ఇళ్లు, మిగతా అంతా పచ్చిక బీళ్లు, వాటి చుట్టూ పొదల గట్లు. చదువుకో, ఐటీ ఉద్యోగానికో, ఆసుపత్రిలో నర్సు పనికో ఐర్లండ్ వచ్చే తెలుగువాళ్లకు విమానం కిందికి దిగుతున్నప్పుడు కిటికీలోంచి కనిపించే పచ్చదనం ఇలాంటిదే.

ఆ పచ్చదనంలో 150 ఎకరాల ముక్క ఒకటి ప్రభుత్వానిది. పేరు థార్న్‌టన్ హాల్. 2005లో జైలు కట్టడానికని దాన్ని కొన్నారు. లోపలికి పోవడానికి ప్రత్యేకంగా రోడ్డు కూడా వేశారు. భూమి ధర, డిజైన్లు, సలహాదారుల ఫీజులు, రోడ్డు, కాపలా అన్నీ కలిపితే ఖర్చు 5 కోట్ల యూరోలు దాటింది. జైలు మాత్రం లేదు. ఒక్క సెల్ కూడా కట్టలేదు. అయినా ఈ ప్రాజెక్టు రద్దయిందని ఏ ప్రభుత్వమూ ప్రకటించలేదు. వాయిదా పడిందన్నారు, అంతే.

మనకు వాయిదా అంటే ముందు కోర్టు గుర్తొస్తుంది. వచ్చే నెల రమ్మంటారు, వెళతాం, మళ్లీ రమ్మంటారు. ఈ మధ్యలో ఏమీ జరగనట్టే ఉంటుంది. ప్రభుత్వ నిర్మాణాల్లో వాయిదా అలా ఉండదు. కాగితం మీద పని ఆగిపోయినా కొన్న భూమికి కాపలా కావాలి. కొత్తది వస్తుందన్న ఆశతో పాతదాని మరమ్మతులు ఆపేస్తారు. ఆ పాతదాంట్లో మనుషులు ఉంటూనే ఉంటారు. థార్న్‌టన్ హాల్ కథలో అందరూ మాట్లాడేది వృథా అయిన డబ్బు గురించి. నాకు మాత్రం అంతకన్నా ఆసక్తిగా అనిపించేది, వాయిదా పడ్డ ఆ ఏళ్లలో పాత జైలుకు ఏం జరిగిందన్నది. అసలు కథంతా అక్కడే ఉంది.

పాత జైలు

ఆ పాత జైలు పేరు మౌంట్‌జాయ్. డబ్లిన్ నగరం నడిబొడ్డుకు దగ్గర్లో 1850లో తెరిచారు. లండన్‌లోని పెంటన్‌విల్ జైలు నమూనాలో, మధ్యలో ఒక కూడలి, అక్కడి నుంచి చక్రం ఆకుల్లా బయటికి పోయే వింగులు. ఒక్కో సెల్‌కు ఒక్కో ఖైదీ అన్న లెక్కతో కట్టారు. కాలక్రమంలో ఆ లెక్క పోయింది. ఒకరి కోసం కట్టిన గదిలో ఇద్దరిని, ముగ్గురిని పెట్టడం మొదలైంది.

2000ల్లో మౌంట్‌జాయ్‌లో ఒక ఖైదీ రోజు ఎలా మొదలయ్యేదో చూడండి. రాత్రి సెల్ తలుపు పడిందంటే పొద్దున దాకా తెరుచుకోదు. లోపల మరుగుదొడ్డి లేదు, కుళాయి లేదు. మూలన మూతపెట్టిన ఒక కుండ ఉంటుంది. గదిలో ఇద్దరుంటే ఒకరు దానిమీద కూర్చున్నప్పుడు రెండోవాడు గోడవైపు తిరిగి పడుకోవాలి. పొద్దున తాళాలు తీయగానే అందరూ కుండలు పట్టుకుని వరస కట్టి, వింగు చివర ఉన్న సింకుల్లో పారబోసి, కడిగి తెచ్చుకోవాలి. ఆ తర్వాత బ్రేక్‌ఫాస్ట్ ట్రే తెచ్చుకుని తినేది కూడా ఆ గదిలోనే. దీన్ని అక్కడ స్లాపింగ్ ఔట్ అంటారు. జైళ్లను తనిఖీ చేసే యూరప్ కమిటీ వచ్చిన ప్రతిసారీ దీన్ని తప్పుపట్టింది. వచ్చిన ప్రతిసారీ ఐర్లండ్ ప్రభుత్వం ఒప్పుకుంది కూడా.

కాబట్టి కొత్త జైలు కావాలన్న వాదనకు బలం లేదనడానికి వీల్లేదు. పేచీ వచ్చిందల్లా ఎంత పెద్దది, ఎక్కడ, ఏ డబ్బుతో అన్నదగ్గర.

ఎకరం రెండు లక్షల యూరోలు

2005 జనవరిలో అప్పటి న్యాయశాఖ మంత్రి మైకెల్ మెక్‌డవల్ భూమి కొనుగోలు ప్రకటించారు. ధర 2 కోట్ల 99 లక్షల యూరోలు. ఎకరం రెండు లక్షల యూరోల చొప్పున పడింది. అప్పటి మారకంలో ఎకరం కోటి రూపాయల పైమాట. హైదరాబాద్ శివార్ల ధరలకు అలవాటుపడ్డ మనకు ఇది పెద్దగా అనిపించకపోవచ్చు. అది సాగుభూమి అని గుర్తుంచుకోవాలి. మన కాగ్ లాంటి సంస్థ ఐర్లండ్‌లోనూ ఉంది. ఆ సంస్థ లెక్కలు తీసి, చుట్టుపక్కల భూముల మార్కెట్ ధరకు కనీసం రెట్టింపు ఇచ్చారని మరుసటి ఏడాదే తేల్చింది.

అంత ధర ఎందుకిచ్చారు? ఆ రోజుల్లో ఐర్లండ్ రియల్ ఎస్టేట్ పిచ్చిలో ఉంది. ఆ పిచ్చి ప్రభుత్వానికీ ఎక్కింది. అసలు పథకం ఏమిటంటే, నగరం మధ్యలో ఉన్న మౌంట్‌జాయ్ స్థలాన్ని బిల్డర్లకు అమ్మేయాలి. అక్కడి భూమి బంగారం. ఆ డబ్బుతో ఊరవతల విశాలంగా కొత్త జైలు కట్టుకోవాలి. ఇల్లు అమ్మి శివార్లలో స్థలం కొనుక్కుని పెద్ద ఇల్లు కట్టుకుందామనుకునే మధ్యతరగతి లెక్కే ఇది. అమ్మకముందే కొనడం అనే తప్పు కూడా మధ్యతరగతి తప్పే.

కొత్త జైలు కూడా చిన్నదేమీ కాదు. 1,400 మందితో మొదలుపెట్టి అవసరమైతే 2,200 మంది దాకా పెంచుకునేలా అనుకున్నారు. దేశం మొత్తంలో ఉన్న ఖైదీల్లో ఇది పెద్ద వాటా. మగవాళ్ల జైలుతోపాటు మౌంట్‌జాయ్ ఆవరణలోని మహిళల జైలును కూడా అక్కడికే మార్చాలన్నారు. డండ్రమ్‌లో ఉన్న కేంద్ర మానసిక ఆసుపత్రిని కూడా పక్కనే పెట్టాలన్నారు. ఇది విని మానసిక ఆరోగ్య సంఘాలు మండిపడ్డాయి. జబ్బుపడ్డ మనిషిని ఖైదీ పక్కన పెడితే జనం ఇద్దరినీ ఒకేలా చూడరా అన్నది వాళ్ల ప్రశ్న. చివరికి ఆసుపత్రిని ఈ పథకం నుంచి తప్పించారు. అది వేరే దారిలో పోర్ట్రేన్‌లో కట్టుకుని 2022లో తెరుచుకుంది. ఇలాంటి ప్రాజెక్టులో ఒక వ్యాగన్ ఊడదీసుకుని వేరే ఇంజను తగిలించుకుంటే గమ్యం చేరిందన్నమాట. 

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. మామూలుగా ఏ భవనం కట్టాలన్నా స్థానిక సంస్థ అనుమతి కావాలి. ఊళ్లోవాళ్లు అభ్యంతరం చెప్పవచ్చు, అప్పీలుకు వెళ్లవచ్చు. జైలు విషయంలో ఆ దారి నడిస్తే ఎప్పటికీ తెమలదని 2007లో జైళ్ల చట్టంలో ప్రత్యేక ఏర్పాటు పెట్టారు. పెద్ద జైలు కట్టాలంటే ప్రజల అభిప్రాయాలను ఒక అధికారి సేకరించి నివేదిక ఇస్తారు, ఆపైన పార్లమెంటు ఉభయసభలు తీర్మానం చేస్తాయి, దాన్ని చట్టంతో ఖరారు చేస్తారు. థార్న్‌టన్ హాల్‌కు 2008లో ఇదంతా పూర్తయింది. భూమి ఉంది, చట్టం ఉంది, ప్లాన్లు ఉన్నాయి. డబ్బొక్కటే లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

డబ్బు ఎవరు పెట్టాలి?

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్లాలి. ప్రాజెక్టు తెగింది ఈ ముడి దగ్గరే.

జైలును పీపీపీ, అంటే ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో కట్టాలని నిర్ణయించారు. ప్రభుత్వం ఒక్కసారిగా డబ్బు పెట్టదు. ప్రైవేటు కన్సార్షియం, అంటే కొన్ని కంపెనీల కూటమి, బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చి, డిజైన్ చేసి, కట్టి, ఏళ్ల తరబడి భవనం బాగోగులు చూస్తుంది. ప్రభుత్వం ఏటా ఇంతని చెల్లిస్తూ పోతుంది. లోపల ఖైదీలను చూసుకునేది మాత్రం ప్రభుత్వ సిబ్బందే. మన దగ్గర కొన్ని జాతీయ రహదారులకు కాంట్రాక్టర్‌కు ఏటా యాన్యుటీ కట్టే పద్ధతి ఉంది కదా, దాదాపు అదే.

చూడటానికి బాగానే ఉంటుంది. బడ్జెట్‌లో ఒకే ఏడాది పెద్ద అంకె కనిపించదు. కానీ చివరికి ప్రభుత్వం కట్టేది ఇటుకల ధరతోపాటు కాంట్రాక్టర్ తెచ్చిన అప్పు మీద వడ్డీ కూడా. మార్కెట్ చల్లగా ఉన్నన్నాళ్లు ఆ తేడా కనపడదు. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది. ఐర్లండ్ బ్యాంకులు పీకల్లోతు రియల్ ఎస్టేట్ అప్పుల్లో ఉన్నాయి. దీర్ఘకాలపు అప్పు ఇచ్చేవాడు కరువయ్యాడు, ఇచ్చేవాడు అడిగే వడ్డీ పెరిగింది. ముందు చెప్పిన ధరకన్నా కన్సార్షియం అడిగిన మొత్తం దాదాపు 30 శాతం ఎక్కువైంది. విచిత్రం చూడండి. అదే సమయంలో దేశంలో కూలీ, సిమెంటు, కాంట్రాక్టు రేట్లు పడిపోతున్నాయి. కట్టడం చవకవుతోంది, కట్టడానికి కావలసిన అప్పు ప్రియమవుతోంది. 2009 మేలో మంత్రి డెర్మట్ అహెర్న్ కేబినెట్ తరఫున ఆ చర్చలకు ముగింపు పలికారు. ప్రాజెక్టు మాత్రం ఉంటుందన్నారు, మళ్లీ టెండర్లు పిలుస్తామన్నారు.

ఇటు ఖర్చు పెరిగితే అటు రాబడి మాయమైంది. మౌంట్‌జాయ్ స్థలం కొనడానికి ఒక్క బిల్డరూ మిగల్లేదు. చాలామంది దివాళా తీశారు. కొన్న భూమి మాట సరేసరి. తర్వాతి ఏళ్లలో థార్న్‌టన్ హాల్‌కు విలువ కట్టినప్పుడు కొన్న ధరలో పదో వంతు కూడా రాలేదు.

2010లో పట్టు వదలని ప్రభుత్వం దశలవారీగా కడతామంది. రోడ్డు పని జరిగింది. ఆ ఏడాది నవంబరులో ఐర్లండ్ యూరోపియన్ యూనియన్, ఐఎంఎఫ్‌ల ముందు చేయి చాచింది. 8,500 కోట్ల యూరోల బెయిలౌట్ కార్యక్రమం అది. ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు కోసి, పెన్షన్లు కోసి, ఆసుపత్రుల బడ్జెట్ కోసిన దేశం జైలు కడతానంటే ఎవరు ఊరుకుంటారు?

2011: వాయిదా అనే నిర్ణయం

2011 ఫిబ్రవరి ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. కొత్త న్యాయశాఖ మంత్రి అలన్ షాటర్ ఒక సమీక్షా బృందం వేశారు. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి క్యాథరిన్ మెగిన్నిస్ అధ్యక్షురాలు. జూలైకల్లా నివేదిక వచ్చింది. కొత్త జైలు అక్కర్లేదని బృందం చెబుతుందని చాలామంది అనుకున్నారు. అలా చెప్పలేదు. మౌంట్‌జాయ్ పరిస్థితి భరించరానిదని, థార్న్‌టన్ హాల్‌లో జైలు కట్టాల్సిందేనని, కాకపోతే 300 సెల్‌లతో, 500 మందికి మించకుండా చిన్నదిగా కట్టాలని చెప్పింది. దాంతోపాటు జైలుకు పంపే అలవాటునే తగ్గించుకోమంది. మంచి నడవడిక ఉన్నవాళ్లను శిక్ష చివరి నెలల్లో బయట సామాజిక సేవ చేయించి వదలమంది.

ఆ నవంబరులో ప్రభుత్వం 2012 నుంచి 2016 దాకా మూలధన ఖర్చుల ప్రణాళిక ప్రకటించింది. అందులో థార్న్‌టన్ హాల్‌కు డబ్బు పెట్టలేదు. నివేదికను కాదనలేదు, భూమిని అమ్మలేదు, 2008 చట్టాన్ని వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడు నిధుల్లేవు, పరిస్థితి బాగుపడ్డాక చూస్తాం అన్నారు.

ఇలాంటి మాట విన్నప్పుడు ఒకటి గమనించాలి. నిధుల్లేవు అన్నది సాధారణంగా సగం నిజం. డబ్బు పూర్తిగా లేకపోవడం అరుదు. ఉన్న డబ్బుకు వరసలో ముందు ఎవరు నిలబడ్డారన్నదే అసలు సంగతి. జైలు ఎప్పుడూ ఆ వరస చివరన ఉంటుంది. ఖైదీలకు ఓటు బలం లేదు, రిబ్బన్ కత్తిరించే ఫొటోకు జైలు గేటు అందంగా ఉండదు. రద్దు చేస్తే పెట్టిన డబ్బు వృథా అని ఒప్పుకోవాలి. కట్టాలంటే ఆసుపత్రి డబ్బు తీయాలి. వాయిదాతో రెండు నొప్పులూ తప్పుతాయి. అందుకే ఏ పార్టీ వచ్చినా వాయిదానే ఇష్టపడుతుంది.

వాయిదా మేలు చేసిందా?

2005 నుంచి 2009 దాకా ఒక వాయిదా, 2011 తర్వాత ఒక వాయిదా. పేరు ఒకటే అయినా రెండూ వేర్వేరు.

మొదటిది ఆశతో కూడిన వాయిదా. మౌంట్‌జాయ్‌లో కుండల సంగతి ఏమిటని పార్లమెంటులో ఎవరు అడిగినా జవాబు ఒకటే. థార్న్‌టన్ హాల్ వస్తోంది, అక్కడ ప్రతి సెల్‌లో మరుగుదొడ్డి ఉంటుంది. అమ్మేయబోయే ఇంటికి ఎవరైనా కొత్త పైపులు వేయిస్తారా? వేయించరు. అలా ఆ అయిదేళ్లు ఖైదీలు రేపు రాబోయే జైలు పేరు చెప్పుకుని ఈ రోజు కుండ మోశారు.

రెండోది ఆశ వదులుకున్న వాయిదా. కొత్తది ఇప్పట్లో రాదని తేలిపోయాక పాతదాన్ని బాగుచేయక తప్పలేదు. జైళ్ల శాఖ 40 నెలల ప్రణాళిక వేసుకుంది. మౌంట్‌జాయ్‌లో ఒక వింగు ఖాళీ చేయడం, పైపులు వేయడం, ప్రతి సెల్‌లో మరుగుదొడ్డి, వాష్‌బేసిన్ పెట్టడం, ఖైదీలను అటు మార్చి తర్వాతి వింగు పట్టుకోవడం. 2014 ప్రాంతానికి అక్కడ స్లాపింగ్ ఔట్ పోయింది. ఒక్కో సెల్‌కు ఒక్కో ఖైదీ అన్న 1850 నాటి లెక్క కూడా కొన్నాళ్లు తిరిగొచ్చింది. 160 ఏళ్ల గోడల్లో ఇది సాధ్యం కాదని ఏళ్ల తరబడి చెప్పారు. తప్పనిసరైనప్పుడు సాధ్యమైంది.

కార్క్ నగరంలోనూ ఇదే జరిగింది. అక్కడి పాత జైలు బదులు ఊరికి దూరంగా కిల్‌వర్త్‌లో పెద్ద జైలు కట్టాలన్న ఆలోచన ఉండేది. అదీ ఆగిపోయింది. చివరికి పాత జైలు పక్కన కారు పార్కింగ్ స్థలంలోనే కొత్తది కట్టారు. 2016 ఫిబ్రవరిలో ఖైదీలను ఈ గోడ నుంచి ఆ గోడకు నడిపించినంత సులువుగా మార్చారు. భూసేకరణ లేదు, కొత్త రోడ్డు లేదు, పెద్దగా వార్తా లేదు.

మరోవైపు జైలుకు వచ్చేవాళ్లను తగ్గించే పని కూడా జరిగింది. 2011లో కమ్యూనిటీ రిటర్న్ అనే పథకం మొదలైంది. ఏడాది నుంచి ఎనిమిదేళ్ల దాకా శిక్షపడ్డవాళ్లలో అర్హులను ముందుగా వదిలి, జీతం లేని సేవ చేయించుకుంటారు. జరిమానా కట్టలేక ఏటా వేలమంది జైలు మెట్లెక్కేవాళ్లు. వాయిదాల్లో కట్టుకునే వీలిస్తూ 2014లో చట్టం చేసి 2016 జనవరి నుంచి అమలుచేశారు. 2011లో రోజుకు సగటున 4,400కు దగ్గర్లో ఉన్న ఖైదీల సంఖ్య 2016 నాటికి 3,700 ప్రాంతానికి దిగింది. 2,200 మందికి జైలు కట్టి ఉంటే ఈ తగ్గుదల వచ్చేదా? నాకు అనుమానమే. మంచం ఉంటే పడుకునేవాళ్లను వెతుక్కుంటాం. జైలు విషయంలో న్యాయవ్యవస్థా అంతే.

అందుకని వాయిదా వల్ల మంచే జరిగిందని చెప్పేద్దామంటే ఒక కోర్టు తీర్పు అడ్డొస్తుంది. 2013లో మౌంట్‌జాయ్ డి-వింగులో ఒక ఖైదీ ఏడున్నర నెలలు ఉన్నాడు. తోటి ఖైదీల నుంచి రక్షణ కోసం రోజుకు దాదాపు 23 గంటలు సెల్‌లోనే పెట్టేవాళ్లు. మరమ్మతులు ఇంకా ఆ వింగుకు చేరలేదు. 23 గంటలు, ఒక కుండ. అతను కేసు వేశాడు. 2019 నవంబరులో ఐర్లండ్ సుప్రీంకోర్టు అతని రాజ్యాంగ హక్కుకు భంగం కలిగిందని తేల్చి 7,500 యూరోలు పరిహారం ఇప్పించింది. అతని వెనక అలాంటి కేసులు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిని తేల్చడానికి ప్రభుత్వం ప్రత్యేక పథకమే పెట్టాల్సి వచ్చింది. థార్న్‌టన్ హాల్ మీద పెట్టిన 5 కోట్లు అని రాసేటప్పుడు ఈ లెక్కను ఎవరూ కలపరు. నా దృష్టిలో ఇది కూడా వాయిదా ఖర్చే.

వరంగల్‌లో తలకిందులుగా

వరంగల్ వాళ్లకు ఈ కథ సగం తెలిసినదే. మిగతా సగం తలకిందులు.

ఐర్లండ్‌లో కొత్తది కట్టలేదు కాబట్టి పాతది మిగిలింది. వరంగల్‌లో ముందు పాతదాన్ని పడగొట్టారు. నిజాం కాలంలో, 19వ శతాబ్దం చివర్లో కట్టిన సెంట్రల్ జైలు అది. 2021 మేలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చి, జైలునూ చూసి, అక్కడ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కడతామన్నారు. నెల తిరక్కుండా వెయ్యికి కాస్త తక్కువమంది ఖైదీలను చర్లపల్లి, చంచల్‌గూడ, ఇంకా ఇతర జిల్లాల జైళ్లకు తరలించారు. జూన్‌లోనే కూల్చివేత మొదలైంది. జూన్ 21న 24 అంతస్తుల ఆసుపత్రికి శంకుస్థాపన కూడా అయిపోయింది. కొత్త జైలు మామునూరులో వస్తుందన్నారు. ఏళ్లు గడిచినా రాలేదు.

ఇక్కడ మరుగుదొడ్ల గొడవ రాలేదు. తెలంగాణ జైళ్లలో జాగా ఉంది కాబట్టే ఇంత వేగంగా తరలించగలిగారు. 2022లో దేశం మొత్తం మీద జైళ్లు సామర్థ్యానికి 131 శాతం నిండి ఉంటే, తెలంగాణలో వందకు లోపే ఉన్నాయి. భారం వేరేవాళ్ల మీద పడింది. వరంగల్, జనగామ, మహబూబాబాద్ ప్రాంతాల కుటుంబాలు ములాఖత్ కోసం హైదరాబాద్ శివార్ల దాకా వెళ్లాలి. ఒక కూలి తల్లి కొడుకును ఇరవై నిమిషాలు చూడాలంటే రోజు కూలి పోయె, పైన బస్సు చార్జీలు. ఏ ఆడిట్ నివేదికలోనూ ఆ చార్జీల లెక్క ఉండదు.

కార్క్, డబ్లిన్, వరంగల్ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే వరస ఎంత ముఖ్యమో తెలుస్తుంది. పాతదాన్ని ఉంచి పక్కనే కట్టుకున్న కార్క్‌లో పని అయింది. పాతదాన్ని అమ్మి కొత్తది కడదామనుకున్న డబ్లిన్ మధ్యలో ఇరుక్కుంది. పాతదాన్ని తీసేసి కొత్తది తర్వాత చూద్దామనుకున్న వరంగల్‌లో ఆ తర్వాత అన్నది ఎప్పుడో చెప్పేవాళ్లు లేరు.

వేరే దేశాల్లోనూ ఇదే తంతు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2020ల మధ్యకల్లా 20,000 మందికి కొత్త జాగా ఏర్పాటు చేస్తామని 2021లో చెప్పారు. 2024 సెప్టెంబరుకు తయారైనది 6,500 మందికే. ఇప్పుడు 2031 అంటున్నారు. న్యూయార్క్ అయితే రైకర్స్ ఐలాండ్ జైలును 2027 ఆగస్టుకల్లా మూసేయాలని ఏకంగా చట్టమే చేసుకుంది. దాని బదులు కట్టాల్సిన నాలుగు చిన్న జైళ్లు ఆ తేదీకి సిద్ధం కావని అక్కడ అందరికీ తెలుసు.

మళ్లీ అదే భూమి

ఐర్లండ్‌లో కథ ఒక చుట్టు తిరిగి మొదటికొచ్చింది. 2006లో 42 లక్షలున్న జనాభా 2022 లెక్కల్లో 51 లక్షలు దాటింది. కోవిడ్ తర్వాత కోర్టులు పేరుకుపోయిన కేసులు తేల్చడం మొదలుపెట్టాయి, జడ్జీల సంఖ్యా పెంచారు. 2024లో ఖైదీలు 5,000 దాటారు. ఉన్న మంచాలు దానికన్నా కొన్ని వందలు తక్కువ.

ఈ లోపు థార్న్‌టన్ హాల్‌కు వేరే ఉపయోగాలు వెతికారు. ఆశ్రయం కోరి దేశానికి వచ్చినవాళ్లకు అక్కడ గుడారాలు వేస్తామన్నారు. జైలు వద్దని ఒకప్పుడు గొడవపడ్డ చుట్టుపక్కల జనం ఈసారి దీనిమీదా నిరసనలకు దిగారు. 2024లో మంత్రి హెలెన్ మెకెంటీ ఆ భూమిని జైలు కోసమే ఉంచాలన్నారు. ఆమె తర్వాత వచ్చిన జిమ్ ఓకాలహన్ కూడా థార్న్‌టన్ హాల్ పేరే ఎత్తుతున్నారు. 2005లో ఎక్కువ ధర పెట్టి కొన్నారని తిట్టినవాళ్లే ఇప్పుడు భూమైనా మిగిలింది నయమంటున్నారు.

కడతారా? కట్టినా ఈ రోజు మొదలుపెడితే తలుపులు తెరవడానికి ఏళ్లు పడుతుంది. అందుకని ప్రస్తుతానికి మళ్లీ మౌంట్‌జాయే దిక్కు. 2014 నాటికి అంత కష్టపడి ఒక్కొక్కరికి ఒక్కో సెల్ చొప్పున సర్దిన ఆ వింగుల్లో మళ్లీ ఇద్దరిని పెడుతున్నారు, కొన్నిచోట్ల నేలమీద పరుపు వేసి మూడోవాణ్ని కూడా. గదికి ఒక్కరే ఉంటారన్న లెక్కతో మూలన మరుగుదొడ్డి పెట్టారు. ఇప్పుడు ఆ పరుపు పరిచేది దాని పక్కనే. భోజనం ట్రే వచ్చేదీ ఆ గదిలోకే.